ఎనిమిది గ్రాముల చలికాలపు అతిథి

లంబసింగిలో డిసెంబరు రాత్రి గుడారం ఎక్కడ వేయాలన్న దాని మీద మా ప్రకృతి పరిశీలకుల సంఘంలో ఏటా వాదన జరుగుతుంది. కొత్తగా చేరినవాళ్లు వాగు పక్కన చదునైన పచ్చిక చూసి అక్కడే మేకులు దిగగొడదామంటారు. నీళ్లు దగ్గర, కొండ చాటు కాబట్టి గాలి తగలదు అని వాళ్ల లెక్క. పాతవాళ్లు సామాను మోసుకుని వాలు ఎక్కుతారు. ఈసారి వాదన ఎంతకీ తెగలేదు. ఊరివాళ్లను అడిగి రెండు చోట్లా గుడారాలు వేశాం, రెండు చోట్లా ఒకే రకం థర్మామీటరు కొమ్మకు వేలాడదీశాం. తెల్లవారుజామున నాలుగున్నరకు వాగు పక్కన పడుకున్న నలుగురూ కంబళ్లు కప్పుకుని మా దగ్గరికి ఎక్కి వచ్చారు. కింది థర్మామీటరులో పాదరసం పైదానికంటే బాగా దిగి ఉంది.

మాతో వచ్చిన పదో తరగతి అమ్మాయికి ఇది మింగుడుపడలేదు. "తాతగారూ, పైకి వెళ్లేకొద్దీ చల్లబడుతుందని కదా మాకు పాఠం? ఇక్కడ తిరగబడిందేమిటి?" అని మా సంఘంలో అందరికంటే పెద్దాయనను అడిగింది. ఆయన తపాలా శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. "పాఠం సరైనదే తల్లీ. కానీ అది పగటి పాఠం. రాత్రి పాఠం వేరే ఉంది" అన్నారు.

ఎత్తు పెరిగేకొద్దీ ప్రతి కిలోమీటరుకు గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో ఉన్న లంబసింగి ఎత్తు దాదాపు 1,000 మీటర్లు. విశాఖ తీరంలో 19 డిగ్రీలున్న రాత్రి ఆ లెక్కన ఇక్కడ 12, 13 ఉండాలి. అయితే చలికాలంలో ఇక్కడ 5 డిగ్రీల కంటే కిందికి దిగడం వింతేమీ కాదు. కొన్ని ఏళ్లలో సున్నా దరిదాపులకు వెళుతుంది. ఈ ఊరికి కొర్రబయలు అని మరో పేరు. ఆరుబయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు.

ఎత్తు వల్ల వచ్చే చలికి పైన ఇంత చలి ఎలా తోడవుతుందో గుడారంలోనే తెలుస్తుంది. పగలంతా నేల దాచుకున్న వేడిని రాత్రి పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. మబ్బులుంటే అవి దుప్పటిలా పనిచేసి ఆ వేడిలో కొంత వెనక్కి పంపుతాయి. డిసెంబరులో ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉంటాయి కాబట్టి పోయిన వేడి పోయినట్టే. చల్లబడిన నేలకు ఆనుకున్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, నీళ్లలాగే వాలు వెంబడి జారి పల్లంలో నిలుస్తుంది. వాగు పక్కన పడుకున్నవాళ్లు నిజానికి ఒక చలి చెరువు అడుగున పడుకున్నారు. వాలు మీద ఉన్న మేము ఆ చెరువు గట్టున ఉన్నాం.

ఆ చెరువును కళ్లారా చూడాలంటే సూర్యోదయానికి ముందే చెరువులవేనం గుట్ట ఎక్కాలి. కింది లోయంతా పొగమంచుతో నిండి, కొండకొమ్ములు దీవుల్లా తేలుతుంటాయి. చాలామంది దాని ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటారు. మేమూ తీసుకున్నాం. కానీ ఆ మంచుకు పైన ఒక సమమైన గీత ఉండటం గమనించారా? లోయలోని చల్లని గాలి ముగిసి, దానికంటే వెచ్చని గాలి మొదలయ్యే చోటు అదే. వెచ్చని పొర మూతలా బిగిసి ఉన్నంతసేపు మంచు పైకి లేవలేదు. ఎండ నేలను వేడెక్కించాక, ఎనిమిది, తొమ్మిది గంటల వేళ మూత పగులుతుంది. అప్పుడు మంచు పొరలు పొరలుగా విడిపోతుంది.

ఆ మంచు ఇంకా విడకముందే ఆ పిలుపు వినిపించింది.

"చిస్‌-లీ." కాసేపటికి మళ్లీ "చిస్‌-లీ." మేము దిగి వస్తున్న దారి పక్కన పెద్ద పనసచెట్టు, ఆ చెట్టు ఆకుల మధ్యనుంచి ఆ రెండక్షరాల పిలుపు. బైనాక్యులర్లు ఎత్తితే ఆకు కదిలినట్టుంటుంది తప్ప పిట్ట కనబడదు. కనబడినా చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. పైన బూడిద కలిసిన ఆకుపచ్చ, కింద మాసిన తెలుపు, కంటి మీద లేత రంగు కనుబొమ్మ, రెక్క మీద సన్నని తెల్లగీత. పుస్తకాల్లో దీన్ని గ్రీనిష్ వార్బ్లర్ అంటారు. మా సంఘంలో ఆకుపిట్ట అని పిలుచుకుంటాం. బరువు సుమారు 8 గ్రాములు, అంటే రెండు టీ చెంచాల పంచదార. చిరుత అడుగుజాడ దొరుకుతుందేమో, బెట్టుడుత గూడు కనబడుతుందేమో అని వచ్చినవాళ్లు దీని కోసం పావుగంట మెడలు నొప్పిపుట్టేలా నిలబడాలంటే విసుక్కుంటారు. ఆ కొండ మీద ఉన్న ప్రాణులన్నిటిలో నేను మాత్రం మొదట చూపించేది దీన్నే.

ఎందుకంటే ఈ పిట్ట ఇక్కడ పుట్టినది కాదు. గ్రీనిష్ వార్బ్లర్లు వేసవిలో హిమాలయాల్లో, మధ్య ఆసియా కొండల్లో, పశ్చిమ సైబీరియా అడవుల్లో గూళ్లు కడతాయి. కొన్ని ఇంకా పడమరకు, బాల్టిక్ సముద్ర తీరాల దాకా వెళ్లి పిల్లలను పెంచుతాయి. ఐరోపాలో పుట్టిన చిన్న పిట్టలు చాలావరకు చలికాలంలో ఆఫ్రికా వెళతాయి. ఇవి అలా వెళ్లవు. ఫిన్లాండులో పుట్టినది కూడా తూర్పుగా తిరిగి, ఆసియా మీదుగా భారత ఉపఖండానికే చేరుతుంది. ఈ జాతి ఆసియా నుంచి పడమటికి విస్తరించినా పాత దారిని వదల్లేదు. ప్రయాణం ఎక్కువగా రాత్రిపూటే. సెప్టెంబరు, అక్టోబరుల్లో దక్షిణాదికి చేరి, ఏప్రిల్‌ నాటికి తిరిగి వెళతాయి. అంటే ఏడాదిలో సగానికి పైగా ఈ పిట్ట ఉండేది మన దగ్గరే. దీన్ని విదేశీ పిట్ట అనడం నాకు సమంజసంగా అనిపించదు.

ఇక్కడున్నన్నాళ్లూ అది ఒంటరిగా బతుకుతుంది. జంట ఉండదు, గుంపు ఉండదు. ఒక్కో పిట్ట కొన్ని చెట్లను తనవిగా చేసుకుని, వేరే ఆకుపిట్ట అటు వస్తే తరిమేస్తుంది. ఆ "చిస్‌-లీ" పాట కాదు. "ఈ చెట్టు నాది" అన్న హెచ్చరిక. 1970ల చివర్లో ట్రెవర్ ప్రైస్ అనే జీవశాస్త్రవేత్త ఈ తూర్పు కనుమల్లోనే ఉండి పక్షుల రాకపోకలను నమోదు చేశాడు. చలికాలపు విడిదిలో గ్రీనిష్ వార్బ్లర్ ఎలా బతుకుతుందో అధ్యయనం చేసి 1981లో ప్రచురించాడు. గూడు, గుడ్లు, పిల్లల మీదే పక్షి శాస్త్రవేత్తలు ఎక్కువగా దృష్టి పెడుతున్న రోజులవి. మిగతా సగం జీవితాన్ని చూడటానికి ఆయన మన కొండలకు వచ్చాడు.

ఇరవై ఏళ్ల తరువాత అదే పిట్ట ఆయనను మరో పెద్ద ప్రశ్న దగ్గరకు తీసుకెళ్లింది. ఒక జాతి రెండు జాతులుగా ఎలా విడిపోతుంది? టిబెట్ పీఠభూమి మీద అడవి లేదు కాబట్టి ఆకుపిట్టలు అక్కడ ఉండలేవు. దాని చుట్టూ ఉన్న అడవుల్లో ఒక హారంలా పరచుకున్నాయి. హిమాలయాల నుంచి ఒక పాయ పడమటి వైపుగా, మరో పాయ తూర్పు వైపుగా ఉత్తరానికి సాగి, రెండూ మధ్య సైబీరియాలో మళ్లీ కలుసుకుంటాయి. హారం వెంబడి నడిస్తే పక్కపక్క ఊళ్ల పిట్టల మధ్య తేడా స్వల్పం, పాట కొంచెం మారుతుంది, రెక్క గీత కొంచెం మారుతుంది. సైబీరియాకు చేరేసరికి మాత్రం రెండు కొసల పిట్టలు ఒకదాన్నొకటి తమ జాతిగా గుర్తించడం లేదు. డారెన్ ఇర్విన్, స్టాఫన్ బెంష్, ప్రైస్ కలిసి 2001లో 'నేచర్' పత్రికలో ఈ సంగతి వివరించారు. రికార్డు చేసిన పాటలు వినిపిస్తే, తన కొస పాటకు మగపిట్ట రెచ్చిపోయి వస్తుంది. అవతలి కొస పాట వినిపిస్తే పట్టించుకోదు. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా ప్రతి పది మైళ్లకు యాస కొద్దికొద్దిగా మారడం మనకు తెలుసు. రెండు చివర్లవాళ్లనూ ఒకే పందిట్లో కూర్చోబెడితే ఒకరి మాట ఒకరికి అర్థం కాని స్థితి వచ్చిందనుకోండి, ఆకుపిట్టల కథ అలాంటిది.

2014లో జన్యుపటాలను పరిశీలించాక ఈ కథ కొంత చిక్కుపడింది. ఆ హారం ఎప్పుడూ తెగకుండా ఉందని అనుకున్నది నిజం కాదని, గతంలో కొన్ని చోట్ల అది తెగి మళ్లీ అతుక్కుందని, రెండు కొసల మధ్య కూడా కొంత జన్యు మార్పిడి జరిగిందని తేలింది. పాఠ్యపుస్తకంలో గీసిన బొమ్మ కంటే ఇదే నాకు నచ్చుతుంది. మన దక్షిణాదికి వచ్చేవి ఎక్కువగా ఆ హారంలో పడమటి పాయకు చెందినవి. తూర్పు కొసవి చలికాలంలో ఆగ్నేయాసియాకు వెళతాయి. కొసలు కలిసే చోట చలికాలపు ఇళ్లు కూడా వేరైపోయాయన్నమాట.

ఎనిమిది గ్రాముల ఒంటికి అంత చలి ఎలా సరిపడుతుందని అమ్మాయి అడిగింది. నిజానికి సరిపడదు. శరీరం చిన్నదయ్యేకొద్దీ దాని పరిమాణంతో పోలిస్తే చర్మపు విస్తీర్ణం ఎక్కువ. చిన్న గిన్నెలో పాలు పెద్ద గిన్నెలో కంటే త్వరగా చల్లారినట్టే, చిన్న ఒళ్లు త్వరగా వేడి పోగొట్టుకుంటుంది. అందుకే రాత్రి ఈకలు ఉబ్బించి బంతిలా ముడుచుకుంటుంది, తెల్లవారగానే తినడం మొదలుపెట్టి సాయంత్రం దాకా ఆపదు. పొద్దున్న చలికి పురుగులు కూడా కదలలేవు. వాటిని ఆకుల అడుగున వెతికి ఏరుకోవాలి. పనసచెట్టు మీది పిట్టను మేము గంటసేపు చూశాం. ఒక ఆకు కింద ఆగి మరో ఆకుకు గెంతడమే తప్ప ఒక్కసారి కూడా తీరిగ్గా కూర్చోలేదు.

ఇక్కడే ఆ కొండల చెట్ల గురించి చెప్పాలి. లంబసింగి నుంచి చింతపల్లి దాకా దారి పొడుగునా కాఫీ తోటలు. కాఫీకి నీడ కోసం సిల్వర్ ఓక్ చెట్లు పెంచి, వాటికి మిరియాల తీగలు పాకిస్తారు. సిల్వర్ ఓక్ పుట్టిల్లు తూర్పు ఆస్ట్రేలియా. అరకు ప్రాంతపు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది, ఆ పంట ఎన్నో గిరిజన కుటుంబాలను నిలబెట్టింది. బోడిగా మారిన కొండవాలు కంటే నీడ ఉన్న కాఫీ తోట ఎంతో మేలని ఒప్పుకుంటాను. అయినా పనస, మామిడి, మర్రి, మేడి చెట్లను ఉంచుకున్న తోటకూ, వరసగా సిల్వర్ ఓక్ మాత్రమే నాటిన తోటకూ తేడా ఉంది. వేల ఏళ్లుగా ఇక్కడి ఆకుల రుచికీ విషానికీ అలవాటుపడిన పురుగులు, సముద్రం దాటి వచ్చిన ఆకును సులభంగా తినలేవు. పురుగు లేని చోట ఆకుపిట్టకు పనిలేదు. ఆ రెండు రోజుల్లో మేము నడిచిన దారిలో "చిస్‌-లీ" వినిపించిన చెట్లన్నీ రాసుకున్నాం. అందులో సిల్వర్ ఓక్ ఒక్కటీ లేదు. రెండు రోజుల లెక్కతో ఏదీ రుజువు కాదు. అయినా తోటల పెద్దలు పాత చెట్లు కొట్టేముందు ఒకసారి ఆగి వినాలని నా కోరిక.

మాకు దారి చూపిన భగత తెగ పెద్దాయన ఈ విషయంలో మా అందరికంటే స్పష్టంగా ఉన్నాడు. "బాబూ, పనస కొడితే పిల్లలు ఏం తింటారు?" అన్నాడు. జీలుగు చెట్టు కూడా ఆయనే చూపించాడు. చేప తోకలాంటి ఆకులున్న ఈ తాటిజాతి చెట్టు ఏళ్ల తరబడి ఒక్క పువ్వూ పూయకుండా పెరుగుతుంది. ఒకసారి మొదలుపెడితే తలమీద మొదటి గెల, దాని కింద రెండోది, అలా పైనుంచి కిందికి గెల తరువాత గెల వేసుకుంటూ వచ్చి, చివరి గెల పండాక చచ్చిపోతుంది. బతుకంతా కాండంలో దాచిన పిండిపదార్థాన్ని ఆ చివరి కొన్నేళ్లలో ఖర్చుపెడుతుంది. గిరిజనులు గీసే జీలుగు కల్లు ఆ నిల్వ నుంచే వస్తుంది. దాని పండు గుజ్జు మనిషి చేతికి తగిలితే దురద, సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు అందులో ఉంటాయి. మానుపిల్లికి మాత్రం ఆ పండంటే ఇష్టం. దారిలో ఒక బండ మీద ఎండిన పెంటలో జీలుగు గింజలు చెక్కుచెదరకుండా కనిపించాయి. రాత్రి ఎవరు ఆ దారిన వెళ్లారో, కొత్త జీలుగు మొక్క ఎక్కడ మొలుస్తుందో రెండూ ఆ బండ మీద రాసిపెట్టి ఉన్నాయి.

రెండో రోజు పొద్దున్న వలిసెలు అనే నూనెగింజల పంట పొలాల దగ్గర గడిచింది. కార్తీక, మార్గశిర మాసాల్లో మన్యం వాలులు పసుపు ఆరబోసినట్టు కనిపించేది ఈ వలిసె పూల వల్లే. ఇదీ అతిథే, ఇథియోపియా ఎత్తయిన భూముల నుంచి ఏనాడో వచ్చింది. చల్లని కొండగాలి, పలుచని నేల అక్కడా ఇక్కడా ఒకేలా ఉండటంతో ఇంటిమనిషి అయిపోయింది. వలిసె మొక్క సాధారణంగా తన పుప్పొడిని తాను అంగీకరించదు, వేరే మొక్క పుప్పొడి వస్తేనే గింజ కడుతుంది. ఆ పుప్పొడి మోసేది ముఖ్యంగా తేనెటీగలు. ఏడు గంటలకు మేము వెళ్లినప్పుడు అంత పెద్ద పొలంలో ఒక్క ఈగ లేదు, నిశ్శబ్దం. తేనెటీగ రెక్కల కండరాలు వెచ్చబడితే తప్ప ఎగరలేదు. తొమ్మిది దాటాక ఒకటి, తరువాత పది, ఆపైన లెక్క వదిలేశాం. చెట్టు తొర్రల్లో ఉండే చిన్నవీ, కొండ చరియలకు పట్టు కట్టే పెద్దవీ కలిసి పొలమంతా ఝుమ్మంది. పొగమంచు మూత పగిలిన వేళా, ఈగలు లేచిన వేళా ఒకటే. ఈ కొండ మీద అందరి గడియారం ఎండే.

పెద్దాయన చూపిన ఇంకో లోయలో, వాగు వెంట, మనిషి ఎత్తు దాటిన చెట్టు ఫెర్న్‌లు ఉన్నాయి. గొడుగులా విప్పుకున్న ఆకుల మధ్యలో కొత్త ఆకు పసిపిల్ల పిడికిలిలా చుట్టుకుని ఉంది. పువ్వులంటూ భూమి మీద విరివిగా రాకముందే, రాక్షసబల్లుల కాలంలోనే ఈ వంశం ఉంది. చుట్టూ మైదానాలు ఎండకు మాడుతున్నా ఈ లోయల్లో చల్లదనం, తేమ నిలిచి ఉండటం వల్ల అవి ఇంకా బతుకుతున్నాయి.

తూర్పు కనుమల విశేషం నాకు ఆ లోయలోనే బాగా అర్థమవుతుంది. పశ్చిమ కనుమల్లా ఇవి ఒకే గోడ కావు. నదులు కోసిన ముక్కలు. ఒక్కో ఎత్తయిన ముక్కా వేడి మైదానం మధ్యలో చల్లని దీవి. హిమాలయాల తూర్పు కొసన, ఈశాన్య రాష్ట్రాల్లో ఉండే కొన్ని జాతులు మధ్యలో వందల కిలోమీటర్లు ఎక్కడా లేకుండా విశాఖ కొండల్లో మళ్లీ ప్రత్యక్షమవుతాయి. అబ్బాట్స్ బాబ్లర్ అనే గోధుమరంగు పొదల పిట్ట అలాంటిది. విశాఖపట్నానికి చెందిన ప్రకృతి శాస్త్రవేత్త కె.ఎస్.ఆర్. కృష్ణరాజు, అమెరికా నుంచి వచ్చిన డిల్లన్ రిప్లే, బ్రూస్ బీలర్‌లతో కలిసి ఈ కనుమల పక్షులను సర్వే చేశారు. ఇక్కడి అబ్బాట్స్ బాబ్లర్ ప్రత్యేక ఉపజాతి అని తేల్చి, రిప్లే, బీలర్ 1985లో దానికి ఆయన పేరు మీద 'కృష్ణరాజుయి' అని పేరు పెట్టారు. ఒక తెలుగువాడి పేరు అలా ఒక పిట్టకు స్థిరపడింది. మాకు అది ఈసారి వినిపించలేదు. ఒకప్పుడు వాతావరణం తేమగా ఉన్న యుగాల్లో అడవులు కలిసి ఉండి, తరువాత ఎండిపోయి తెగిపోతే ఇలాంటివి ఎత్తుల మీద మిగిలిపోయాయన్నది ఒక వివరణ. ఏ దారిన కలిసి ఉన్నాయన్న దాని మీద జంతుశాస్త్రవేత్త సుందర్ లాల్ హోరా కాలం నుంచీ చర్చ సాగుతూనే ఉంది.

ఇంత చెప్పాక కూడా ఈ కొండలను మనం బాగా చూశామని అనలేను. మద్రాసు అటవీ అధికారి రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ 1870లో విశాఖ కొండల నుంచి కాళ్లు లేని ఒక నలికిరిని వర్ణించాడు. పాములా ఉంటుంది, మట్టిలో, రాళ్ల కింద, ఆకుల పొరల్లో బతుకుతుంది. ఆ తరువాత నూట ముప్పై ఏళ్లకు పైగా అది మళ్లీ శాస్త్రవేత్తల కంట పడలేదు. ఇటీవలి కాలంలో మళ్లీ దొరికినప్పుడు అది అంతరించలేదని తెలిసింది. అన్నేళ్లూ అది మన కాళ్ల కిందే ఉంది. అందుకే మా నడకల్లో రాయి ఎత్తి చూసినవాళ్లు దాన్ని ఎలా ఉందో అలాగే తిరిగి పెట్టాలన్నది గట్టి నియమం. రాయి కిందిది ఒక ఇల్లు. పిట్టలను రప్పించడానికి ఫోనులో వాటి కూతలు వినిపించడం కూడా మా దగ్గర నిషిద్ధం. తన చెట్టును కాపాడుకోవడానికి వచ్చే ఆకుపిట్ట, తినాల్సిన సమయాన్ని లేని శత్రువు కోసం ఖర్చుపెడుతుంది. ఎనిమిది గ్రాముల ఒంటికి అది చిన్న నష్టం కాదు.

మూడో రోజు గుడారాలు విప్పేముందు మళ్లీ పనసచెట్టు దగ్గరికి వెళ్లాం. ఈసారి అమ్మాయికి బైనాక్యులర్లు అవసరం రాలేదు, చెవితోనే కొమ్మ చూపించింది. కాలికి రింగు తొడిగిన ఆకుపిట్టలు మరుసటి చలికాలం అదే చోట దొరికిన సందర్భాలున్నాయని తాతగారు చెబితే, ఆ అమ్మాయి నోటుపుస్తకం తీసి చెట్టు బొమ్మ గీసింది. దారి మలుపు, పక్కనున్న బావి, పిట్ట ఎక్కువగా తిరిగే తూర్పు వైపు కొమ్మ, టైము అన్నీ గుర్తుపెట్టింది. మా మాట వింటూ నిలబడిన భగత పెద్దాయనను అడిగింది, "తాతా, ఈ చెట్టు కొట్టరు కదా?"

"మా నాన్న నాటాడమ్మా" అన్నాడు.

ఏప్రిల్‌లో ఆ కొమ్మ ఖాళీ అవుతుంది. సెప్టెంబరు చివర్లో ఆయన ఫోను చేస్తానన్నాడు, "చిస్‌-లీ" వినిపించిన రోజు.